ఎంటెక్ ప్రణాళిక రెండో ఏడాది నుంచి మొదలవ్వాలి

బీటెక్ మెకానికల్ చివరి ఏడాదికి వచ్చేసరికి ఇంట్లోనూ హాస్టల్లోనూ ఒకే లెక్క నడుస్తుంటుంది. గేట్‌లో ఎంత ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది? పోయినేడు కటాఫ్ ఎంత? ఐఐటీ రాకపోతే వరంగల్ ఎన్‌ఐటీ అయినా వస్తుందా? ఈ లెక్క అవసరమే. అయితే దీని పక్కనే వేసుకోవాల్సిన ఇంకో లెక్క ఉంది. దాన్ని చాలామంది సీటొచ్చి ఏడాది గడిచాక గానీ మొదలుపెట్టరు. చేరబోయే రెండేళ్లలో రెండో ఏడాది దాదాపు పూర్తిగా థీసిస్‌కే పోతుంది. ఆ థీసిస్ దేని మీద? ఎవరి దగ్గర? ఏ పరికరాలతో? వీటికి స్థూలంగానైనా జవాబు తెలిసిన విద్యార్థికి స్పెషలైజేషన్, కాలేజీ, గైడ్, మొదటి సెమిస్టర్ కోర్సులు ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. తెలియకపోతే ఆ రెండేళ్లూ బీటెక్‌కు పొడిగింపులా గడిచిపోతాయి.

అందుకే ఈ అధ్యాయం ప్రణాళికను చివరి నుంచి మొదటికి నడుపుతుంది.

చిన్న ప్రశ్న, పూర్తి జవాబు

శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం సతీశ్ ధవన్ పేరు మీద ఉంది. ఆయన చదువు సాగిన దారి చూడదగ్గది. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో గణిత, భౌతిక శాస్త్రాలు చదివారు. అక్కడే ఇంగ్లిషు సాహిత్యంలో ఎంఏ చేశారు. ఆ తర్వాత 1945లో మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకున్నారు. అమెరికాలోని మిన్నెసోటాలో 1947లో ఎంఎస్, కాల్టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

ఆయన పట్టుకున్న ప్రశ్న వినడానికి చిన్నదే. నున్నటి పలక మీదుగా గాలి దూసుకుపోతుంటే, ఆ గాలి రాపిడి పలకను ఎంత బలంతో లాగుతుంది? ఇంజినీర్లు దీన్నే స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. పలక దగ్గర గాలి వేగాలను కొలిచి, వాటి నుంచి ఈ బలాన్ని లెక్కగట్టడం ఒక పద్ధతి. ధవన్ లెక్కగట్టడంతో ఆగలేదు. పలక ఉపరితలంలో చిన్న ముక్కను విడిగా, కొద్దిగా కదిలేలా అమర్చి, గాలి దాన్ని ఎంత లాగుతోందో నేరుగా కొలిచారు. ఇలాంటి పరికరం కట్టాలంటే ముక్కకూ పలకకూ మధ్య సందు ఎంత ఉండాలో, ముక్క అంచు వెంట్రుకవాసి పైకి లేస్తే కొలత ఎంత చెడుతుందో తేల్చుకోవాలి. ఆ పనిలో పండిన ధవన్ 1951లోనే బెంగళూరు ఐఐఎస్సీలో చేరి, అక్కడ సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ నిర్మాణానికి పూనుకున్నారు. 1972 నుంచి 1984 దాకా ఇస్రోను నడిపారు.

మన దగ్గర నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. జె.ఎన్. రెడ్డి 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మెకానికల్ బీఈ చేసి, 1970లో ఓక్లహామా స్టేట్‌లో ఎంఎస్ పూర్తిచేశారు. ఆయన ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం ప్రపంచమంతటా పాఠ్యగ్రంథం. పొరలు పొరలుగా పేర్చిన కాంపోజిట్ పలకలు వంగినప్పుడు లోపల షియర్ ఎలా పరుచుకుంటుందన్న ప్రశ్న మీద ఆయన ఏళ్ల తరబడి పనిచేశారు. పాత సరళ సిద్ధాంతం ఆ షియర్ మందమంతా ఒకేలా ఉంటుందని అనుకుని, తర్వాత ఒక సవరణ గుణకంతో సర్దుకునేది. రెడ్డి 1984లో ప్రతిపాదించిన మూడో తరగతి సిద్ధాంతంలో షియర్ పైముఖం దగ్గర, కిందిముఖం దగ్గర సున్నా అవుతుంది, మధ్యలో పారాబొలా ఆకారంలో పెరుగుతుంది. నిజమైన పలకలో జరిగేది కూడా అదే కాబట్టి ఆ సవరణ గుణకంతో పని లేకుండా పోయింది. ఘనపదార్థాల యాంత్రికశాస్త్రంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన టిమోషెంకో పతకం ఆయనకు 2019లో దక్కింది.

ఎంటెక్ విద్యార్థి నుంచి ఎవరూ ఇంత పెద్ద ఫలితం ఆశించరు. పని తీరు మాత్రం ఇదే: ఒక చిన్న ప్రశ్న తీసుకుని, ఇప్పటికే ఉన్న జవాబులో లోపం ఎక్కడుందో గుర్తించి, ఆ ఒక్కచోట గట్టిగా పనిచేయడం. “ఎలక్ట్రిక్ వాహనాల మీద చేస్తాను”, “కాంపోజిట్స్ మీద చేస్తాను” అన్నవి ఇంకా ప్రశ్నలు కావు, రంగాల పేర్లు మాత్రమే. రంగం పేరు నుంచి ప్రశ్న దాకా దిగిరావడానికే ఎంటెక్ మొదటి ఏడాది ఉంది.

ఏ దారిలో చేరాలి

మెకానికల్ పీజీలో మూడు పాత గుంపులు ఇప్పటికీ ఉన్నాయి: థర్మల్, డిజైన్, మాన్యుఫ్యాక్చరింగ్. వీటి అంచుల్లో అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగ్, ఆటోమొబైల్, మెకట్రానిక్స్, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ లాంటివి వచ్చాయి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అయితే క్రయోజెనిక్ ఇంజినీరింగ్‌కే ప్రత్యేక కేంద్రం ఉంది. ఏ గుంపుకు గిరాకీ ఉందని వాకబు చేసేముందు విద్యార్థి తన బీటెక్ మార్కుల జాబితా కాసేపు పక్కనపెట్టి, ఏ సబ్జెక్టులో పరీక్ష అయ్యాక కూడా సందేహాలు మిగిలాయో గుర్తుచేసుకోవాలి. థీసిస్ ఏడాదిలో ప్రయోగం మూడోసారి చెడినప్పుడు మళ్లీ కూర్చోబెట్టేది ఆ సందేహాల మీదున్న ఆసక్తే.

డిగ్రీ రూపం కూడా ముఖ్యమే. మామూలు ఎంటెక్‌లో మొదటి ఏడాది కోర్సులు, రెండో ఏడాది ప్రాజెక్టు. ఐఐటీ మద్రాస్‌లోని ఎంఎస్ బై రిసెర్చ్, ఐఐఎస్సీలోని ఎంటెక్ రిసెర్చ్ లాంటివాటిలో కోర్సులు తక్కువ, పరిశోధన ఎక్కువ. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబేల్లో రిసెర్చ్ అసిస్టెంట్‌గా పనిచేస్తూ మూడేళ్లలో పూర్తిచేసే ఎంటెక్ ఉంది. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారికి ఈ పరిశోధన దారులు బాగా సరిపోతాయి. త్వరగా ఉద్యోగంలో చేరాల్సిన కుటుంబ పరిస్థితి ఉన్నవారికి రెండేళ్ల ఎంటెక్ మేలు. మన రెండు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయ కాలేజీల్లో చేరడానికి పీజీఈసెట్ ఉంది. గేట్ స్కోరున్నవారికి అక్కడ ముందు ప్రాధాన్యం.

గేట్: ఒక పరీక్ష, ఒక అలవాటు

గేట్ పేపరులో 65 ప్రశ్నలు, 100 మార్కులు, సమయం మూడు గంటలు. 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి, 13 ఇంజినీరింగ్ మ్యాథ్స్‌వి, మిగిలిన 72 మెకానికల్ సబ్జెక్టులవి. అంటే నాలుగో వంతుకు పైగా మార్కులు థర్మోడైనమిక్స్ పుస్తకం తెరవకుండానే తెచ్చుకోవచ్చు. ఈ 28 మార్కులను చివరి నెలకు వదిలేసేవారు ఎందరో! బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు రాస్తే 1 మార్కు ప్రశ్నకు మూడో వంతు, 2 మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. అంకె రాయాల్సిన ప్రశ్నలకు, ఒకటి గానీ అంతకు మించి గానీ సరైన జవాబులుండే ప్రశ్నలకు కోత లేదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నవారు కూడా రాయవచ్చు కాబట్టి, ఒకసారి ముందే రాసి చూసుకునే వీలుంది.

అంకె రాయాల్సిన ప్రశ్నలు ఇంకో మేలు చేస్తాయి. అక్కడ ఊహించడానికి ఐచ్ఛికాలు ఉండవు. యూనిట్ తప్పితే జవాబు తప్పుతుంది. కిలోపాస్కల్‌ను పాస్కల్‌గా మార్చడం మరిచిపోయిన విద్యార్థికి మార్కు పోతుంది. ల్యాబ్‌లో అదే మరుపు ఒక నెల ప్రయోగాన్ని పాడుచేయగలదు. ప్రతి లెక్క చివర “ఈ అంకె నమ్మదగ్గదేనా?” అని ఒక క్షణం ఆగి చూసుకునే అలవాటు గేట్ చదువులోనే పడితే, అది థీసిస్ దాకా తోడుంటుంది.

ఫలితాలు వచ్చాక తడబాటు ఎక్కువగా దరఖాస్తుల దగ్గరే జరుగుతుంది. ఐఐటీల సీట్ల ఆఫర్లు కోప్ పోర్టల్ ద్వారా వస్తాయి. అయితే అందులో పేరు నమోదు చేసుకుంటే చాలదు. ప్రతి ఐఐటీకి దాని సొంత వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు పెట్టాలి. ఎన్‌ఐటీల సీట్లకు సీసీఎంటీ కౌన్సెలింగ్ వేరే ఉంది. మంచి స్కోరు చేతిలో ఉండి, దరఖాస్తు గడువు దాటిపోయినందుకు ఏడాది పోగొట్టుకోవడం కన్నా బాధ ఇంకోటి ఉండదు. మార్చి నుంచి మే దాకా గడువు తేదీలను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవడం పాత పద్ధతే, కానీ పనికొచ్చే పద్ధతి.

గైడ్‌ను ఎంచుకోవడం

కాలేజీ పేరు సర్టిఫికెట్ మీద ఉంటుంది. రోజువారీ జీవితం మాత్రం గైడ్‌తో, ల్యాబ్‌తో గడుస్తుంది. కాబట్టి ఆఫర్ వచ్చిన ప్రతిచోటా నలుగురైదుగురు అధ్యాపకుల పనిని ముందే చదివి చూసుకోవాలి. వారి తాజా పరిశోధన పత్రాలు మొత్తం అర్థం కాకపోవచ్చు. పరిచయ భాగం, ప్రయోగం అమరిక, చివరి ముగింపు చదివినా ఆ ల్యాబ్ ప్రయోగాలు చేస్తుందా, సిమ్యులేషన్లు చేస్తుందా, రెండూనా అన్నది తెలిసిపోతుంది. దేశంలో సమర్పించిన పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ హైదరాబాద్ లాంటి సంస్థల సొంత భాండాగారాల్లో ఎంటెక్ థీసిస్‌లు కూడా ఉంటాయి. ఒక్క థీసిస్‌లోని ప్రయోగ అధ్యాయాన్ని నిదానంగా చదివితే రెండో ఏడాది ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత సీనియర్లను అడగాలి. మొహమాటం పనికిరాదు, ప్రశ్నలు సూటిగా ఉండాలి. సార్ లేదా మేడమ్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు? రాసిచ్చిన డ్రాఫ్ట్ ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? ల్యాబ్‌లోని యంత్రం ఇప్పుడు పనిచేస్తోందా, లేక విడిభాగం కోసం ఎదురుచూస్తోందా? సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఎన్ని, ఎంతమంది పంచుకోవాలి? పోయిన బ్యాచ్‌లో అందరూ గడువులోగా థీసిస్ ఇచ్చారా? “సార్ మంచివారేనా?” అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు కంటే ఈ ఐదింటి జవాబులు ఎంతో ఎక్కువ చెబుతాయి.

హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల చదివేవారికి ఇంకో వీలుంది. లోహపు పొడులు, పూతల పనికి ఏఆర్‌సీఐ, రక్షణ లోహాల పరిశోధనకు డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక మిశ్రలోహాలకు మిధాని, టూల్ డిజైన్ శిక్షణకు బాలానగర్‌లోని సీఐటీడీ, నౌకాదళ పరిశోధనకు విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ దగ్గర్లోనే ఉన్నాయి. గైడ్‌కు ఇలాంటి సంస్థతో ఉమ్మడి పని ఉందేమో తెలుసుకుంటే, కాలేజీలో లేని పరికరం అక్కడ అందుబాటులోకి రావచ్చు.

మొదటి ఏడాదిలో మూడు పనులు

మొదటి పని గణితం. పీజీ కోర్సుల్లో కంటిన్యువమ్ మెకానిక్స్ వచ్చినా, కన్వెక్షన్ వచ్చినా, ఫైనైట్ ఎలిమెంట్ వచ్చినా అడుగున ఉండేవి లీనియర్ ఆల్జీబ్రా, పాక్షిక అవకలన సమీకరణాలు, న్యూమరికల్ పద్ధతులే. బీటెక్‌లో పరీక్ష కోసం బట్టీపట్టినవాటిని ఇక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలన్నీ ఉచితంగా ఉన్నాయి.

రెండోది సొంతంగా ఒక ప్రోగ్రాం రాయడం. చదరపు పలకలో వేడి ఎలా పరుచుకుంటుందో పైథాన్‌లో రాస్తే వంద లైన్లు కూడా కావు. ముందు 10 గళ్ల గ్రిడ్, ఆపైన 20, ఆపైన 40 గళ్లతో నడిపి, పుస్తకంలోని కచ్చితమైన జవాబుతో పోల్చాలి. గడి సగమైన ప్రతిసారీ తేడా దాదాపు నాలుగో వంతుకు పడిపోవాలి. పడకపోతే ప్రోగ్రాంలో తప్పుందన్నమాట. ఈ చిన్న పని చేసినవారికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ గీసిచ్చే రంగుల బొమ్మను చూడగానే నమ్మే అలవాటు పోతుంది.

మూడోది వర్క్‌షాప్‌తో స్నేహం. టాలరెన్స్ 0.01 మిల్లీమీటర్ అని డ్రాయింగ్‌లో రాయడం క్షణం పని. దాన్ని లేత్ మీద రాబట్టడానికి టెక్నీషియన్‌కు రోజంతా పట్టవచ్చు, ఒక్కోసారి ఆ యంత్రం మీద అసలు సాధ్యం కాకపోవచ్చు. ఎక్కడ అంత కచ్చితత్వం కావాలో, ఎక్కడ అక్కర్లేదో టెక్నీషియన్‌తో కూర్చుని మాట్లాడిన విద్యార్థి డ్రాయింగ్ తొందరగా వస్తువవుతుంది. ఏళ్ల తరబడి యంత్రాల మధ్య గడిపినవారి దగ్గర ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని విషయాలు ఉంటాయి.

ఒక థీసిస్ మొదటి పేజీ

ఒక విద్యార్థి ఎలక్ట్రిక్ ఆటో బ్యాటరీని నీటితో చల్లబరచడం మీద పనిచేయాలనుకున్నారనుకుందాం. మన ఎండాకాలంలో బయటి గాలే 45 డిగ్రీల దాకా వెళ్తుంది, లిథియం అయాన్ సెల్స్‌కు 15 నుంచి 35 డిగ్రీల మధ్య హాయి. ప్రశ్నకు మన నేల మీద నిజమైన అవసరం ఉంది. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఒక కాగితం చాలు.

ప్యాక్‌లో 96 సెల్స్, ఒక్కో సెల్‌లో 10 ఆంపియర్ల కరెంటు, లోపలి నిరోధం 20 మిల్లీఓమ్‌లు అనుకుంటే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఒక్కో సెల్‌కు 2 వాట్ల వేడి. మొత్తం 192 వాట్లు. నీరు 5 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, నీటి విశిష్టోష్ణం లెక్కలో సెకనుకు సుమారు 9 గ్రాములు, అంటే నిమిషానికి అర లీటరు పైచిలుకు పారాలి. గొట్టం లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లయితే నీటి వేగం సెకనుకు 0.33 మీటర్లకు దగ్గర, రేనాల్డ్స్ సంఖ్య దాదాపు 2,400.

ఇక్కడే ఆగాలి. గొట్టంలో ప్రవాహం నిలకడగా ఉండే దశ నుంచి కల్లోల దశకు మారడం మొదలయ్యేది 2,300 దగ్గరే. అంటే లామినార్ అని ఎంచుకున్నా, టర్బులెంట్ మోడల్ ఎంచుకున్నా సిమ్యులేషన్ తప్పు జవాబు ఇచ్చే అవకాశముంది. పది నిమిషాల చేతిలెక్క నెలల వృథాను ఆపింది. గొట్టం వ్యాసమో ప్రవాహమో మార్చి, అనుమానం లేని చోటికి డిజైన్‌ను జరపాలి. లేదా ఆ మార్పు దశనే థీసిస్ ప్రశ్నగా తీసుకోవాలి.

కొలత సంగతి కూడా ఆ కాగితం మీదే తేలుతుంది. సాధారణ కె రకం థర్మోకపుల్‌లో 2.2 డిగ్రీల దాకా తేడా ఉండవచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. లోపలికి వెళ్లేచోట ఒకటి, బయటికి వచ్చేచోట ఒకటి పెడితే, రెండింటి తేడాలు కలిసి 3 డిగ్రీలకు పైగా అనిశ్చితి రావచ్చు. కొలవాల్సింది 5 డిగ్రీలు! ఆ ప్రయోగం ఏమీ నిరూపించదు. క్లాస్ ఎ పీటీ 100 సెన్సర్ అయితే 40 డిగ్రీల దగ్గర పావు డిగ్రీకి లోపే తేడా. లేదా రెండు థర్మోకపుల్స్‌నూ ఒకే నీటి తొట్టిలో ముంచి, ముందే కాలిబ్రేట్ చేసుకోవాలి. గ్రాఫ్‌లో ప్రతి బిందువుకూ ఎర్రర్ బార్ గీయగలిగిన రోజున విద్యార్థి వైవాలో ఏ ప్రశ్నకూ బెదరాల్సిన పని లేదు.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇదంతా ఇంగ్లిషులో రాయడం ఇంకో కొండలా కనిపిస్తుంది. వారానికి ఒక పేజీ చొప్పున, ఆ వారం ఏం చేశారో, ఏం తేలిందో, ఏం తేలలేదో రాస్తూ పోతే ఏడాది చివరకు యాభై పేజీలుంటాయి. థీసిస్‌కు కావలసిన ముడిసరుకంతా అందులోనే దొరుకుతుంది.

డబ్బు, ఉద్యోగం, క్యాలెండర్

గేట్ అర్హతతో చేరిన ఎంటెక్ విద్యార్థికి స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు, 24 నెలల వరకు. దానికి బదులుగా చాలా సంస్థల్లో వారానికి ఎనిమిది గంటలు టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేయాలి. ఆ మొత్తంతో హాస్టల్ ఖర్చు గడుస్తుంది, ఇంటికి పంపడం కష్టం. ఇంటి బాధ్యతలున్నవారు ఈ సంగతి ముందే ఇంట్లో విప్పి మాట్లాడుకోవాలి. తర్వాత పీహెచ్‌డీకి వెళ్తే ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000.

థీసిస్‌లో నేర్చినది ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే హైదరాబాద్‌లోని స్కైరూట్ ఏరోస్పేస్ ఉంది. దాని సహవ్యవస్థాపకులు పవన్ కుమార్ చందన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెకానికల్ బీటెక్‌తో కలిపి థర్మల్‌లో ఎంటెక్ చేశారు. ఇస్రోలో పనిచేసి, 2018లో నాగ భరత్ డాకాతో కలిసి ఈ సంస్థను మొదలుపెట్టారు. వారి విక్రమ్-ఎస్ రాకెట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తు అందుకుంది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ప్రయోగించిన తొలి రాకెట్ అదే.

ఐఐటీల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు డిసెంబర్ 1న మొదలవుతాయి. థీసిస్ అప్పటికి సగంలో ఉంటుంది. ఇంటర్వ్యూలో మెకానికల్ కంపెనీలు థీసిస్ గురించే లోతుగా అడుగుతాయి కాబట్టి, నవంబర్ చివరికి కనీసం ఒక నమ్మకమైన ఫలితం చేతిలో ఉండాలి. వెనక్కి లెక్కేస్తే, అక్టోబర్‌లో కొలతలు మొదలవ్వాలి. సెప్టెంబర్‌కు ప్రయోగం అమరిక బిగిసి, సెన్సర్లు కాలిబ్రేట్ అయి ఉండాలి. జూన్, జూలై, ఆగస్టు వర్క్‌షాప్‌కు, కొనుగోళ్లకు పోతాయి. కాలేజీలో ఒక పంపు కొనాలన్నా కొటేషన్లు, ఆమోదాలు కలిపి వారాలు పడతాయి. అందుకని మే నాటికి డ్రాయింగ్‌లు పూర్తవ్వాలి. మార్చి, ఏప్రిల్‌లలో చేతిలెక్కలు, పాత పత్రాల చదువు. జనవరి, ఫిబ్రవరిలో గైడ్‌తో కూర్చుని ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తేవాలి. దానికి ముందున్న మొదటి సెమిస్టర్లో సీనియర్లతో మాటలు, సొంత ప్రోగ్రాం, గణితం. ఎంటెక్‌లో చేరేది జూలై చివరన లేదా ఆగస్టులో కాబట్టి, ఈ క్యాలెండర్లో మొదటి గడి నింపాల్సింది చేరిన వారంలోనే.